నలభై ఒక్క రోజులు చాలవు

దీక్ష పట్టడం మనకు బాగా తెలుసు. మాల వేసుకున్న మనిషి మండలం పాటు తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటాడు, నేల మీద పడుకుంటాడు, సిగరెట్టు ముట్టడు. అదే మనిషి షుగరు బిళ్ల వారంలో రెండు రోజులు మర్చిపోతాడు. చూసినవాళ్లు పట్టుదల లేదంటారు. పట్టుదల లేనివాడు ఆ చన్నీళ్లు పోసుకోగలడా? మాల తీసే రోజు ఫలానా అని ముందే తెలుసు, తేడా అక్కడుంది. మధుమేహానికి అలాంటి రోజు రాదు. ముగింపు లేనిదాన్ని దీక్షలా మొదలుపెడితే రెండో నెలకే ఓపిక అయిపోతుంది. ఏళ్ల తరబడి ఉండే జబ్బుతో క్షేమంగా బతకడానికి గొప్ప సంకల్పం కన్నా, ఎవరి కంటా పడని చిన్న అలవాట్లే ఎక్కువ అక్కరకొస్తాయని నేను నమ్ముతున్నాను.

రేపు రక్తపరీక్ష అనగానే రాత్రికి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. పరగడుపు అంకె కాస్త దిగుతుంది కూడా. హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం ఈ ముస్తాబుకు లొంగదు. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. కాబట్టి ఆ అంకె చెప్పేది గడిచిన రెండు మూడు నెలల సగటు. (రక్తహీనత ఉంటే ఇది తప్పుదారి పట్టించవచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.) బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనం, కొత్తగా మధుమేహం బయటపడిన 5,000 మందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించింది. గట్టిగా అదుపు చేసినవాళ్లలో హెచ్‌బీఏ1సీ 7.0, మామూలు వైద్యం అందినవాళ్లలో 7.9. ఒక్క శాతం కూడా లేని ఆ తేడాకే, కళ్లూ కిడ్నీల వంటి చోట్ల చిన్న రక్తనాళాలకు తగిలే దెబ్బలు నాలుగో వంతు తగ్గాయి. అధ్యయనం ముగిసిన ఏడాదిలోపే రెండు గుంపుల అంకెలూ ఒకటైపోయాయి. అయినా మరో పదేళ్లకు, 2008లో చూస్తే, మొదట్లో అదుపు పాటించినవాళ్లకు ఆ మేలు ఇంకా దక్కుతూనే ఉంది. గుండెపోట్లూ మరణాలూ కూడా వాళ్లలో తక్కువ.

అయితే మొదట్లో గట్టిగా కష్టపడి తర్వాత వదిలేస్తే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడ ‘మొదట్లో’ అంటే సుమారు పదేళ్లు. అంతకాలం ఎవరూ బిగబట్టుకుని ఉండలేరు. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక ప్రకారం సంపన్న దేశాల్లోనే దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో సగటున సగం మందే చెప్పినట్టు మందులు వాడుతున్నారు. సగం మంది తప్పుతున్న చోట ఒక్కొక్కరి గుణం మీద నింద వేయడం న్యాయం కాదు. కొత్త నియమాన్ని విడిగా మోయమనే బదులు, ఉన్న అలవాటుకే ముడివేయడం మేలు. పాదాల సంగతే చూడండి. షుగరు చాలాకాలం అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి. చెప్పులో దూరిన రాయి రోజంతా నలిపినా తెలియదు. మిట్టమధ్యాహ్నం కాలే బండల మీద ప్రదక్షిణ చేసినా అరికాలి బొబ్బ నొప్పి పుట్టదు, చీము పట్టాకగానీ బయటపడదు. రాత్రి కాళ్లు కడుక్కుని పడుకోవడం మనకు ఎలాగూ ఉన్నదే. తుడుచుకునేటప్పుడు వేళ్ల సందులు ఆరేలా తుడిచి, అరికాలు ఒకసారి తిప్పి చూసుకుంటే సరి. వంగలేని పెద్దవాళ్లు నేల మీద అద్దం పెట్టుకుని చూడొచ్చు. పొద్దున చెప్పులు బోర్లించి దులిపి తొడుక్కుంటే చాలు. దీనికి రెండు నిమిషాలు పట్టదు, ఎవరూ మెచ్చుకోరు కూడా.

అతిగా పట్టుబట్టడంలో ఇంకో ప్రమాదముంది. చక్కెర ఎంత తగ్గితే అంత మంచిదనుకుని, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి బిళ్ల గానీ వేసుకుని భోజనం మానేసేవాళ్లున్నారు. కార్తీక సోమవారం ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా, మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడకుండా దిగితే ముప్పే. చక్కెర 70 కంటే దిగితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెర ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయాల్సింది పక్కనున్న మనిషి. జబ్బు సంగతి తెలియని పక్క మనిషి ఆ తడబాటు చూసి, తాగి ఉన్నాడనుకుని తప్పుకుపోవచ్చు. షుగరును పెళ్లి సంబంధాల దగ్గరా ఆఫీసులోనూ దాచిపెట్టే మన అలవాటు నాకు అందుకే బాధ కలిగిస్తుంది.

ఇవన్నీ తీరికా డబ్బూ ఉన్నవాళ్ల మాటలనే అభ్యంతరం బలమైనదే. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. వాళ్లంతా తీరికైనవాళ్లు కారు. రాత్రంతా లారీ నడిపేవాడికి వేళకు తినమన్న సలహా ఎందుకూ కొరగాదు. రేషను బియ్యం మీద నడిచే ఇంట్లో ఓట్స్ పేరెత్తడం అన్యాయం. ఆ ఇంట్లో చేయగలిగింది కంచంలో ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె పప్పో ఆకుకూరో పెంచడం. మెట్‌ఫార్మిన్ ఖరీదైన మందేమీ కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మధుమేహానికి పరీక్ష చేసి బిళ్లలు ఉచితంగా ఇవ్వాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. ఆ లారీ డ్రైవరుకు ఇచ్చే చీటీలో ‘ఉదయం, రాత్రి’ అని రాస్తే అతని రోజు ఎక్కడ మొదలవుతుందో తేలదు. ఏం తింటావని అడిగే ముందు ఎన్ని గంటలకు తింటావని అడిగి, బిళ్లను అతను భోజనం కోసం బండి ఆపే వేళకు ముడివేసి, క్యాబిన్‌లో గ్లూకోజు పొట్లం ఎక్కడుందో క్లీనర్‌కు చూపించమని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.