చిన్న రైఫిలునకు దుర్భిణి: దూరమును బట్టి ఎంపిక

గ్రామములనుండి కళాశాలలకు పోవు యువతీయువకులు పెక్కుమంది ఎన్.సి.సి.లో చేరి, మొట్టమొదటిసారిగా అక్కడనే రైఫిలు పట్టుచున్నారు. వారి చేతికి వచ్చునది సాధారణముగా 22 బోరు చిన్న రైఫిలు. వారిలో కొందరు అంతటితో తృప్తి పడక రైఫిలు క్లబ్బులలో చేరి, లైసెన్సు పొంది, స్వంత రైఫిలు కొనుక్కొనుచున్నారు. అప్పుడు దానిపై అమర్చు దుర్భిణి, అనగా స్కోపు, ఏది కొనవలెనను ప్రశ్న పుట్టును. అంగడివారు సహజముగా పెద్దదానిని చూపుదురు. ఎంత పెద్దదిగా చూపిన అంత మంచి గురి యని కొనువారును భ్రమపడుదురు. ఇంటివారు కష్టపడి కూడబెట్టిన సొమ్ము ఇట్లు వృథా కాకుండుటకు కొన్ని సంగతులు తెలిసికొనుట మంచిది.

మొదట ఒక మాట. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిలు పోటీలో దుర్భిణి గురి నిషిద్ధము. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో మన దేశమునకు చెందిన స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల పోటీలో కాంస్య పతకము గెలిచినది సన్నని రంధ్రము గుండ చూచు గురితోనే. ఆ పోటీలో పది మార్కుల వలయము అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. కావున ఒలింపిక్ పోటీలే లక్ష్యముగా గలవారు స్కోపు కొనుటకు తొందరపడనక్కరలేదు. దూరములు మారుచుండు పోటీలకు, బల్లపై ఆనించి కాల్చు సాధనకు, చూపు కొంత మందగించినవారికి దుర్భిణి ఉపకరించును.

ఈ రైఫిలులో వాడు తూటాకు ప్రేలుడు మందు అడుగుభాగమున మధ్యలో గాక అంచు చుట్టును ఉండును. సూది ఆ అంచును కొట్టగానే మందు అంటుకొనును. అందుచేతనే దీనిని రిమ్‌ఫైర్ అందురు. 1887 నుండి వాడుకలోనున్న 22 లాంగ్ రైఫిల్ తూటా వీనిలో ప్రసిద్ధము. దాని గుండు బరువు సాధారణముగా 2.6 గ్రాములు. పోటీలలో వాడు రకము గొట్టము విడుచునప్పటి వేగము సెకనుకు సుమారు 330 మీటర్లు. సైనిక రైఫిలు గుండు వేగము దీనికి రెండింతలకు మించి యుండును. ఇంత నెమ్మదిగా పోవు గుండు దారిలో క్రిందికి ఎక్కువగా వంగును. దుర్భిణి ఎంపికకు సంబంధించిన చిక్కంతయు ఈ వంపులోనే యున్నది.

లెక్క చూతము. దుర్భిణి గొట్టమునకు 4 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనియు, 50 మీటర్ల వద్ద గురి సరిచేసితిమనియు అనుకొందము. 10 మీటర్ల వద్ద గుండు గురికి సెంటీమీటరు పైచిలుకు దిగువన తగులును. ఎందుకనగా అది ఇంకను దుర్భిణి చూపు ఎత్తునకు ఎక్కలేదు. 25 మీటర్ల వద్ద సుమారు అంతే ఎగువన తగులును. 50 వద్ద సరిగా తగులును. 75 వద్ద బెత్తెడు దిగిపోవును. 100 మీటర్ల వద్ద దాదాపు జానెడు దిగువన పడును. తూటా రకమును బట్టి ఈ అంకెలు కొంత మారును గాని వంపు తీరు మారదు. 50 మీటర్ల లోపల కాల్చువారికి ఈ వంపుతో బాధ లేదు. అది దాటినచో దానిని లెక్కింపక తప్పదు.

దూరము మారుట యనగా నేమో చక్కగా తెలుపునది మెక్సికో దేశమున పుట్టిన లోహపు బొమ్మల పోటీ. చిన్న రైఫిలు విభాగమున కోడి 40, పంది 60, టర్కీకోడి 77, పొట్టేలు 100 మీటర్ల దూరమున నిలుపుదురు. నిలువుననే కాల్చి బొమ్మను పడగొట్టవలెను. ఇక్కడ దుర్భిణికి అనుమతి కలదు. పై లెక్క ప్రకారము కోడి గురినుండి పొట్టేలు గురికి పోవుటకు సుమారు 9 నిమిషముల కోణము పైకి త్రిప్పవలెను. టిక్కుకు పావు నిమిషము చొప్పున అది 36 టిక్కులు. త్రిప్పిన మరను మరల వెనుకకు త్రిప్పినచో మొదటి గురి తప్పక తిరిగి రావలెను. ఈ ఒక్క గుణము లేని దుర్భిణి, ఎంత పెద్దదిగా చూపినను, దూరము మారు పనికి కొరగాదు. కొనుటకు ముందు అవకాశమున్నచో 36 టిక్కులు పైకి, 36 క్రిందికి త్రిప్పించి, కాల్చి చూచుకొనవలెను. మరను త్రిప్పుట ఇష్టము లేనివారు అడ్డుగీతల క్రింద చిన్న గుర్తులున్న దుర్భిణిని ఎన్నుకొని, ఏ గుర్తు ఏ దూరమునకు సరిపోవునో స్వయముగా కాల్చి తెలిసికొని చీటీపై వ్రాసికొనవచ్చును.

ఇక ఎన్నింతలు పెద్దదిగా చూపవలెను? 25 నుండి 50 మీటర్ల వరకు నాలుగింతలు చాలును. 100 మీటర్ల వరకు కాల్చువారికి మూడింతల నుండి తొమ్మిదింతల వరకు మార్చుకొన వీలైనది అనుకూలము. అంతకు మించినచో బొమ్మతో పాటు చేతి వణకు కూడ పెద్దదిగా కనిపించును. చూపు మేర ఇరుకగును, వెలుగు తగ్గును. ముందు కటకము వెడల్పును పెంపుచే భాగించినచో కంటికి వచ్చు వెలుగు వృత్తము తెలియును. 32 మిల్లీమీటర్ల కటకము నాలుగింతలలో 8 మిల్లీమీటర్లు ఇచ్చును. 40 మిల్లీమీటర్ల కటకము పదింతలలో 4 మాత్రమే. మునిమాపు వేళ ఈ భేదము స్పష్టముగా తెలియును. మధ్యాహ్నపు ఎండలో కంటిపాప ముడుచుకొని యుండును గనుక భేదము అంతగా కనబడదు.

అంగడిలో ఎవరును చెప్పని సంగతి యొకటి కలదు. దుర్భిణిలో చూచుచు తలను కొద్దిగా ప్రక్కకు జరిపినప్పుడు అడ్డుగీతలు బొమ్మపై జరిగినట్లు కనిపించును. దీనిని పారలాక్స్ అందురు. ఏదో ఒక దూరమున మాత్రమే ఈ జరుగుట ఉండదు. పెద్ద రైఫిలు దుర్భిణులను సాధారణముగా 100 మీటర్లకు లేక అంతకు పైన సరిచేసి పంపుదురు. 40 మిల్లీమీటర్ల కటకము గల అట్టి దుర్భిణితో 25 మీటర్లకు కాల్చినచో, కన్ను అంచుకు జరిగినప్పుడు గురి 15 మిల్లీమీటర్ల వరకు తప్పును. పది మార్కుల వలయమే 10.4 మిల్లీమీటర్లని పైన చెప్పితిమి! కావున ఒకే దూరమున కాల్చువారు 50 మీటర్లకు సరిచేసిన రిమ్‌ఫైర్ దుర్భిణిని అడిగి తీసికొనవలెను. దూరములు మారునచో ముందు కటకము వద్ద గాని ప్రక్కన గాని త్రిప్పుడు వలయము కలదానిని కొనవలెను. మా అభిప్రాయమున డబ్బు పెట్టదగినది పెంపుపై కాదు, ఈ వలయముపైననే.

అమర్చుటలో అడ్డుగీతలు నిటారుగా నుండవలెను. వాలియున్నచో 50 వద్ద సరిగా తగిలిన గుండు 100 వద్ద ప్రక్కకు పోవును. కంటికి, వెనుక కటకమునకు నడుమ దుర్భిణిని బట్టి 7 నుండి 9 సెంటీమీటర్లు ఎడముండుట సాధారణము.

1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే ఈ రైఫిలు ఉంచుకొనరాదు. పందులు చేనులో పడినవని తమంతట తాము కాల్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అధికారముగల అటవీ అధికారి అనుమతి తప్పనిసరి. చిన్న తూటా యని చులకన చేయరాదు. ఎత్తుగా కాల్చిన గుండు 2 కిలోమీటర్ల దూరము పోగలదు. మట్టిగట్టు వెనుక లేనిదే కాల్చరాదు. దుర్భిణి బొమ్మను దగ్గరగా చూపునే గాని, దాని వెనుక పొలములో వంగి కలుపు తీయుచున్న మనిషిని చూపకపోవచ్చును. దూరమున నున్నది ఎవరో తెలిసికొనుటకై రైఫిలుపైని దుర్భిణిని ఎత్తి చూచుట ఎన్నడును పనికిరాదు. అట్లు చూచినచో గొట్టము ఆ మనిషివైపే తిరిగియుండును. అందుకు విడి దుర్భిణి నుంచుకొనవలెను. దేనితోనైనను సూర్యుని వైపు చూడరాదు.

కోస్తా జిల్లాల తేమలో కటకములకు బూజు పట్టును. వానకాలమున దుర్భిణిని తోలు సంచిలో మూసి యుంచక, గాలి తగులు పొడి చోట నుంచి, మెత్తని శుభ్రమైన గుడ్డతో మాత్రమే తుడువవలెను.