పుండు మీద బొప్పాయి వేయవచ్చా?

బైబిలు చదివేవారికి హిజ్కియా రాజు పుండు సంగతి గుర్తుండే ఉంటుంది. యెషయా దాని మీద అంజూరపు పండ్ల పట్టు వేయించినట్టు రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. పండుతో పుండుకు వైద్యం అంత పాతది. మన దివిసీమలో అయితే పెరటి బొప్పాయి. అవనిగడ్డ నుండో, గుడివాడ పక్క పల్లెల నుండో వచ్చినవారు కట్టు విప్పేటప్పుడు "కాస్త పచ్చి బొప్పాయి నూరి వేశామండి" అని మెల్లగా చెబుతుంటారు. తిడతామని భయం కాబోలు. తిట్టం. అందులో కొంత నిజం ఉంది.

పచ్చి బొప్పాయికి గాటు పెడితే తెల్లని పాలు కారతాయి. వాటిలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. మాంసకృత్తులను విడగొట్టడం దాని పని. ముదురు మాంసం త్వరగా ఉడకాలని కూరలో బొప్పాయి ముక్క వేసేది అందుకే. పుండులో చచ్చిన కండ పేరుకుంటే కొత్త కండ పెరగదు, క్రిములకు అదే మేత. పపైన్ ఆ పొరను కరిగిస్తుంది. అంజూరపు పాలలోనూ ఫిసిన్ అనే ఇలాంటి ఎంజైమే ఉంది. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో, బంజుల్ నగరపు రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో, కాలిన పిల్లలకు రోజూ బొప్పాయి గుజ్జు వేసి కట్టు కట్టేవారు. చచ్చిన కండ ఊడిరావడానికి అది సాయపడినట్టుందని 1999లో వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

అంటే బొప్పాయి పుండును శుభ్రం చేయగలదు. మాన్పుతుందా అన్నది వేరే ప్రశ్న.

"పండు రసంతో గాయం త్వరగా మానిందని పరిశోధనలో తేలింది" అని పేపర్లో చదివినప్పుడు ఆ పరీక్ష ఎవరి మీద జరిగిందో చూడండి. ఎక్కువగా ఎలుకల మీదే. మత్తు ఇచ్చి వీపు మీద గుండ్రంగా చర్మం తీస్తారు. కొన్నిటికి పండు సారం కలిపిన లేపనం, కొన్నిటికి సారం లేని ఉత్త లేపనం, కొన్నిటికి తెలిసిన మందు రాస్తారు. గాయం ఎంత చిన్నదైందో కొన్ని రోజులకొకసారి కొలుస్తారు. మంచి పద్ధతే. కానీ ఎలుక చర్మం వదులు. గాయం అంచులు దగ్గరకు లాక్కొని చాలావరకు మూసుకుపోతుంది. మన కాలి పుండు అలా కాదు, అడుగు నుండి కొత్త కండ నిండాలి, పైన చర్మం పాకాలి. పైగా ఆ ఎలుకకు షుగరు ఉండదు, అది వరి మడి బురదలో దిగదు!

పరీక్షకు వాడే సారం కొలత ప్రకారం, శుభ్రంగా తయారైనది. పెరటి కాయలో పాలు ఎంత ఉన్నాయో ఎవరికి తెలుసు? నూరిన రోలు, కోసిన కత్తి క్రిములను మోస్తాయి. పచ్చి పాలు మంచి చర్మాన్నీ మండిస్తాయి. కొందరికి పపైన్ అసలు పడదు. అనుమతి లేకుండా అమ్ముతున్న పపైన్ పూతమందులను ఆపాలని అమెరికా ఔషధ శాఖ 2008లో ఆదేశించింది. ప్రాణం మీదికి వచ్చేంత అలర్జీలు రావడమే కారణం.

మాకు ఎక్కువ దిగులు షుగరు ఉన్నవారి గురించే. కాలికి స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి పాలు మండించినా తెలియదు. పైకి శుభ్రంగా కనిపించే పుండు కింద చీము ఎముకదాకా పోయి ఉండవచ్చు. ఆకు పసరు, బొప్పాయి అంటూ వారం గడిపితే వేలు తీయవలసి రావచ్చు.

కాబట్టి గాయమైతే శుభ్రమైన నీటితో, సబ్బుతో బాగా కడిగి, ఉతికి ఆరేసిన గుడ్డ కట్టండి. ధనుర్వాతం టీకా సంగతి అడగండి. షుగరు ఉంటే గాయం చిన్నదైనా ఆ రోజే చూపించండి. ఇప్పటికే ఏదైనా వేసి ఉంటే దాచకుండా ఏమి వేశారో, ఎన్ని రోజులైందో చెప్పండి.

పండిన బొప్పాయిని మాత్రం తినండి. కొత్త కండ కట్టడానికి కావలసిన సి విటమిన్ అందులో బాగా ఉంది. షుగరు ఉన్నవారు ఎన్ని ముక్కలు తినవచ్చో మమ్మల్ని అడిగి తినండి.