మన గోదారి సముద్రంలో కలిసే చోట నూనె బావులు

అక్కలూ, చెల్లెళ్లూ, ఈ వ్యాసం కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

నేను సముద్రం చూడలేదు. సికింద్రాబాదు వచ్చిన కొత్తల్లో హుస్సేన్ సాగర్ చూసి అదే సముద్రం అనుకున్నాను. అందరూ నవ్వారు. అయితే మా ఊరు భద్రాచలం అవతల గోదారి ఒడ్డున ఉంది. మేము బట్టలు ఉతికే నీళ్లే ధవళేశ్వరం దాటి, పాయలుగా చీలి, అంతర్వేది దగ్గర, యానాం దగ్గర సముద్రంలో కలుస్తాయి. కాబట్టి ఆ సముద్రంతో మనకేం పని అనుకోవద్దు.

గోదారి, కృష్ణ లక్షల ఏండ్లుగా మట్టి మోసుకుపోయి సముద్రంలో పోశాయి. ఆ పొరల కింద చమురు, సహజవాయువు ఉన్నాయి. దాన్నే కృష్ణా–గోదావరి బేసిన్ అంటారు. కోనసీమకు ఎదురుగా సముద్రంలో రవ్వ అనే క్షేత్రంలో 1993 నుంచి చమురు తీస్తున్నారు. కాకినాడకు ఎదురుగా లోతు నీళ్లలో, కేజీ-డి6 అనే చోట, 2009 ఏప్రిల్ నుంచి రిలయన్స్ వారు గ్యాసు తీస్తున్నారు. 2024 జనవరి 7న ఓ.ఎన్.జి.సి. వారు కాకినాడ తీరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, ఇంకో లోతు బావి నుంచి మొదటిసారి చమురు తీశారు.

బావి తవ్వేటప్పుడు కింద గ్యాసు చాలా ఒత్తిడిలో ఉంటుంది. అది పైకి తన్నకుండా గొట్టంలో బరువైన బురద పోస్తారు. మన మెస్‌లో ఉడుకుతున్న గుండిగ మూత మీద రాయి పెడతారు చూడండి, అట్లా. రాయి బరువు చాలకపోతే మూత ఎగురుతుంది. బావిలో బురద బరువు చాలకపోతే గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. దాన్ని బ్లో అవుట్ అంటారు.

1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి బావి అట్లాగే బ్లో అవుట్ అయింది. మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. విదేశాల నుంచి మంటలార్పేవాళ్లు వచ్చారు. మార్చి 15కు గాని అదుపులోకి రాలేదు. చుట్టుపక్కల జనం ఇండ్లు వదిలిపోయారు. అది నేల మీది బావి, మనుషులు దగ్గరికి పోగలిగారు. 2010 ఏప్రిల్ 20న అమెరికా దగ్గర మెక్సికో సింధుశాఖలో సముద్రపు బావి పేలింది. 11 మంది చనిపోయారు. బావి నోరు ఒకటిన్నర కిలోమీటరు లోతు నీళ్ల కింద ఉంది. అక్కడికి మనిషి దిగలేడు. మూయడానికి 87 రోజులు పట్టింది. అక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం 49 లక్షల పీపాల చమురు బయటికి వచ్చింది. పీపాకు 159 లీటర్లు. నేను గుణించి చూశాను, దాదాపు 78 కోట్ల లీటర్లు.

నూనె నీళ్లలో పడితే ఏమవుతుందో నేను, నా స్నేహితురాలు తొట్టిలో చూశాం. ఒక్క చెంచా పల్లీనూనె వేస్తే అంతటా పరుచుకుంది. కోడి ఈక ముంచాం. మామూలు నీళ్లలో ముంచిన ఈక దులిపితే ఆరింది, నూనె నీళ్లలోది ముద్దయి అతుక్కుపోయింది. ఈకలు అట్లా అయితే పిట్ట ఎగరలేదు, చలికి చస్తుంది. తొట్టిని మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాం, ఇంకా జిడ్డుగానే ఉంది. (మేడం, క్షమించండి.)

గోదారి కలిసే చోట కోరంగి మడ అడవులు ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మడ చెట్ల వేర్లు కొన్ని బురదలోంచి పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. నూనె పూసుకుంటే వాటికి ఊపిరాడదు. మడ నీడలోనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. నీటిపిల్లి అక్కడ ఉంటుంది. అవతల హోప్ ఐలాండ్ ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట సముద్రం మీది వెలుగు చూసి దారి తెలుసుకుంటాయి. ఒడ్డున పెద్ద లైట్లుంటే అటు పోయి చస్తాయి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు జాలర్లు మరపడవలతో వేటకు పోకూడదు. బావులకు అట్లాంటి సెలవు లేదు! పైపులైను పనుల వల్ల వేట పోయిందని 2022లో కోనసీమ, కాకినాడ జిల్లాల 23,458 కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల చొప్పున నష్టపరిహారం ఇచ్చారు. ఇచ్చారంటే నష్టం జరిగిందని ఒప్పుకున్నట్టే కదా.

నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది వేరే ఉంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నిబంధన మార్చింది. చమురు ఉందో లేదో వెతికే బావులకు ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. చమురు దొరికాక తీయడానికే పెద్ద అనుమతి. కానీ మెక్సికో సింధుశాఖలో పేలింది వెతికే బావే! మన ఏజెన్సీలో భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభనో పంచాయతీనో అడగాలని 1996 నాటి పెసా చట్టం ఉంది. సముద్రం మీద బతికేవాళ్లకు ఆ మాత్రం కూడా లేదు. ఉన్న మనకైనా ఎట్లా జరుగుతుందో చూశాను. మా ఊళ్లో ఒకసారి సభ పెట్టి తాతతో వేలిముద్ర వేయించారు. కాగితంలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు. ఇప్పుడు నేను సెలవులకు పోతే ఇరుగుపొరుగు కాగితాలు తెచ్చి నాతో చదివించుకుంటున్నారు.

మా రూంలో ఒక అక్క అడిగింది, "మరి గ్యాసు లేకుండా ఎట్లా?" అని. నిజమే. గ్యాస్ పొయ్యి వచ్చాక మా అమ్మకు కళ్ల మంట తగ్గింది, దగ్గు తగ్గింది. కట్టెల పొయ్యికి మళ్లీ పొమ్మని నేను అమ్మతో అనలేను. అందుకే అన్నీ మూసేయమని రాయడం లేదు. మడ అడవుల దగ్గర, తాబేళ్ల కాలంలో తవ్వొద్దు. వెతికే బావికైనా ముందు జాలర్లను పిలిచి, తెలుగులో చదివి చెప్పి, వాళ్లు వద్దంటే వినాలి. వేట ఆగిన రోజులకు డబ్బులు ఆ నెలలోనే ఇవ్వాలి. ఇంతకన్నా ఏం చేయాలో నాకు తోచలేదు, ఆ అక్క ఇంకా ఒప్పుకోలేదు.

మీలో ఎవరి ఊళ్లోనైనా ఇట్లా సభ జరిగి ఉంటే, పెద్దవాళ్లను అడిగి, ఏం అడిగారో ఏం చెప్పారో ఒక పేజీ రాసి శనివారం లోపల నాకు ఇవ్వండి. వచ్చే సంచికలో అతికిస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని