రేడియో ముందు ఒక సాయంకాలము

మన పాఠశాలలో చదువుకొను పిల్లలలో పెక్కుమందికి తెలుగు ఇంటిభాష; వీధిలో వినవచ్చునది వేఱొక భాష. తల్లి తెలుగులో పిలిచినచో వారు పలుకుదురు గాని, ఆ బదులు వీధిభాషలో నుండును. “మావాడు చదువును, వ్రాయును, నాలుగు మాటలు వరుసగా తెలుగున చెప్పుమన్న తడబడును” అని తల్లిదండ్రులు మాతో చెప్పి నొచ్చుకొనుచుందురు. మాట వచ్చుట వినుటవలన గదా! కావున, కేవలము చెవినే ఆధారముగా గొని ఒక తరమువారికి తెలుగు నేర్పిన రేడియో సాయంకాలమును గూర్చి ఇచట విచారింతము.

తెలుగు ప్రసారములకు తొలి నెలవులలో ముఖ్యమైనది మదరాసు. అచటి ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16వ తేదీన ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. 1950లో హైదరాబాదు కేంద్రము ఆకాశవాణి ఆధీనమునకు వచ్చినది. ‘ఆకాశవాణి’ యను పేరు సైతము మన పొరుగుననే పుట్టినది: 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి నెలకొల్పిన చిన్న కేంద్రమునకు ఆ పేరుండెను. తెలుగు ప్రసారముల తొలి నెలవులలో నొకటి నేటి తెలుగు రాష్ట్రములకు వెలుపల నుండెననుట ప్రవాసాంధ్రులమైన మనము మఱవరాని విషయము.

పగలు వినరాని విజయవాడ, చీకటి పడగానే దూరపు ఊళ్లలో నెట్లు వినబడుచుండెను? దీనికి కారణము కలదు. పగటివేళ సూర్యకాంతిచే ఆకాశమున నేర్పడు ఒక పొర మధ్యమ తరంగములను హరించివేయును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఆ పొర సన్నగిలును. అప్పుడు తరంగములు ఇంకను పైనున్న పొరలను తాకి వంగి, వందల మైళ్ల దూరమున మరల నేలకు దిగును. కనుకనే బెంగుళూరులోను, బరంపురములోను రేడియో చుట్టు చేరిన తెలుగు కుటుంబములకు సాయంకాలమే తెలుగు వేళ. ధ్వని ఒక్కొక్కప్పుడు క్షీణించి, మరల హెచ్చుచుండెడిది. పిల్లలు ఊపిరి బిగబట్టి వినుచుండెడివారు.

ఆ సాయంకాలములలో ముఖ్యముగా మూడు విధముల తెలుగు వినబడెడిది. మొదటిది ప్రసంగము. పది పదునైదు నిమిషములలో ఒక విషయమును తెలిసినవారు తేటగా చెప్పుదురు. వేదికపైవలె కంఠమెత్తి పలుకుట ఇచట పనికిరాదు. ఎదుట కూర్చున్న యొక్కనితో మాటాడినట్లుండవలెను. వాక్యము పొడవైనచో వినువాడు దారి తప్పును. ఆలోచనను క్రమముగా చెప్పుటకు ఇది మంచి పాఠము.

రెండవది నాటకము. ఇందు తెరలు లేవు, వేషములు లేవు. ఎవరు వచ్చిరో, ఎవరు పోయిరో మాటలవలననే తెలియవలెను. అందుచే పాత్రలు ఒకరినొకరు పేరు పెట్టియో, వరుస పెట్టియో పిలుచుకొందురు. రేకును ఊపిన ఉఱుము. కొబ్బరిచిప్పలు తట్టిన గుఱ్ఱపుడెక్కలు. మైకునకు దూరముగా జరిగిన, మనిషి వెడలిపోయినట్లు. తక్కినదంతయు వినువాని మనస్సే కల్పించుకొనవలెను. మాట యర్థమైనగాని దృశ్యము కట్టదు గనుక, పిల్లవాడు ప్రతి మాటను పట్టుకొనును.

మూడవది హాస్యము. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి ‘గణపతి’ రేడియో నాటకమై ఇంటింట నవ్వులు పూయించినది. భమిడిపాటి కామేశ్వరరావు గారి నాటికలవంటివి, మాటల విఱుపులోనే హాస్యముండుటచే చెవికి మిగుల అనుకూలములు. హాస్యమే భాషకు గట్టి పరీక్ష యని మా యభిప్రాయము. అర్థము చెప్పించుకొని నవ్వువాడు భాషను నేర్చుకొనుచున్నవాడు. అందఱితోపాటు నవ్వువాడు భాషను నేర్చినవాడు.

ఇచట ఒక చిక్కు కలదు. రేడియోలో వినబడిన తెలుగుకును, మన యిండ్లలోని తెలుగుకును భేదము కలదు. మన యాసలో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ కలసినవి. “మనది సరియైన తెలుగు కాదు” అని సిగ్గుపడి కొందఱు పెద్దలే పిల్లలతో తెలుగు మానివేసిరి. ఇది మిక్కిలి నష్టము. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కము’ను ఆలకింపుడు. 1897లో అచ్చయి, 1909లో పెంపొందిన ఆ నాటకమునకు ప్రాణము విజయనగర ప్రాంతపు వాడుకమాటయే. గిరీశము ఇంగ్లీషు కలిపి మాటాడును. ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. యాసలు తెలుగునకు కళంకములు కావు. అవి తెలుగునకు కంఠములు. అవ్వ మాటను సిగ్గుపడక పలుకు పిల్లవాడే పుస్తకపు మాటను సైతము ధైర్యముగా పలుకును.

నేడు ఆ రేడియో పెట్టె పెక్కిండ్లలో మూలబడినది. అయినను పాత నాటకములలో కొన్ని సెల్‌ఫోనులోనే వినవచ్చును. కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. వారమునకొక సాయంకాలము, ఒక గంటసేపు బొమ్మలు లేని తెలుగు వినిపింపుడు. మధ్యలో అర్థములు చెప్పకుడు, ముగిసిన పిమ్మట “ఎవరు వచ్చిరి? ఏల కోపించిరి?” అని యడుగుడు. పిదప ఒక దుప్పటిని తెరగా కట్టి, దాని వెనుకనుండి పిల్లలచేత మూడు ముక్కలు చెప్పింపుడు: ఒక చిన్న ప్రసంగము, ఒక సంభాషణము, ఒక నవ్వుకథ. ముఖము కనబడదు గనుక బిడియము తగ్గును. మాట యొక్కటే మిగులును. తప్పు పలికిన వెంటనే దిద్దకుడు. మఱునాడు అదే మాటను మీ సంభాషణలో సరిగా పలుకుడు, చాలును.

పాఠశాల దినమునకు ఒక గంట తెలుగు చెప్పగలదు. తక్కిన గంటలు ఇంటివి. ఒకనాడు చీకటి పడినపిమ్మట దూరమునుండి వచ్చిన తెలుగుకొఱకు మన పెద్దలు కాచుకొని కూర్చుండిరి. నేడు మన పిల్లలకు అది దూరమునుండి రానక్కఱలేదు. మన నోటనుండి వచ్చిన చాలును.