పిల్లల పెంపకములో పంతము – మన మొదటి వ్రతము



ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంఘము వారు అడిగినప్పుడు నాకు కొంత సంకోచము కలిగింది. నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో ఆపి, మా నాయన వెంట బళ్లారిలో బట్టల అంగడి గద్దె మీద కూర్చున్నవాడను. శాస్త్ర విషయాలు సాధు సాధ్వుల వ్యాఖ్యానాలలో విన్నంత మాత్రమే తెలుసు. అయినా ముగ్గురు బిడ్డలను పెంచి, మనుమని ఎత్తుకున్న గృహస్థుడనుగా ఒక్క సంగతి చెప్పగలను. పిల్లలతో పంతాలకు పోకుండా, శాంతంగా ఇల్లు నడుపుకొనే సంగతి అది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి వున్నది. ముందుగా దానినే చెబుతాను.

2005లో పర్యుషణ రోజులు. మా పెద్దవానికి అప్పుడు పదకొండేండ్లు. మొదటి నాలుగు దినాలు సాయంత్రం ప్రతిక్రమణానికి నాతో కూడా ఉపాశ్రయానికి వచ్చాడు. అయిదవ నాడు వీధిలో పిల్లల క్రికెట్ ఆట కుదిరింది. "ఈ పొద్దు నేను రాను నాయనా" అన్నాడు. "రాకపోతే అన్నం లేదు" అన్నాను. "వద్దులే" అన్నాడు.

పర్యుషణ ఎనిమిది దినాలూ మా యింట్లో పిల్లలతో సహా చౌవిహారమే. పొద్దు కూకిన తరువాత అన్నమూ లేదు, నీళ్లూ లేవు. వాడు రానన్నది పొద్దు కూకడానికి ముప్పావు గంట ముందు. ఆ ముప్పావు గంటలో నేను ఒక్కసారి పిలిచి వుంటే వచ్చి తినేవాడు. పిలిస్తే నా మాట పోతుందని నేను పిలవలేదు. అడిగితే తన మాట పోతుందని వాడు అడగలేదు. ఆటకైనా పోలేదు, మిద్దె మీద కూర్చున్నాడు. పొద్దు కూకింది. వాని కంచం వంటింట్లో బోర్లించినది బోర్లించినట్లే వుండిపోయింది.

ఆ రాత్రి మా అమ్మ నన్ను పిలిచింది. "నీవు ఈ పొద్దు ఏకాసణం చేసినావు. నీ యిష్టంతో పచ్చక్ఖాణం తీసుకొని చేసినావు. ఆ పసివాని చేత పచ్చక్ఖాణం లేని ఉపవాసం చేయించినావు. దాని ఫలం ఎవరి ఖాతాలో వ్రాసుకొంటావురా?" అన్నది. నేను బదులు చెప్పలేకపోయాను.

మరునాటి సాయంత్రం ప్రతిక్రమణంలో వందిత్తు సూత్రం వచ్చింది. చిన్ననాటి నుండి నోటికి వచ్చిన సూత్రమే. ఆ దినం మాత్రం మొదటి వ్రతము అతిచారాల దగ్గర నా నోరు ఆగిపోయింది.

అయిదు అతిచారాలు

అహింసాణువ్రతానికి అయిదు అతిచారాలు చెప్పినారు. ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థ సూత్రం ఏడవ అధ్యాయంలోనూ ఇవే వున్నవి. బంధము అనగా కట్టివేయడం. వధ అనగా ఇక్కడ చంపడం కాదు, కొట్టడం. ఛేదము అనగా అవయవాలను కోయడం. అతిభారారోపణము అనగా మోయలేని బరువు మోపడం. అయిదవది అన్నపాన నిరోధము, అనగా తిండి నీళ్లు అందకుండా చేయడం. మన చేతి క్రింద బ్రతికే పశువుల పట్ల, మనుషుల పట్ల ఈ తప్పులు చేయరాదని పెద్దలు బోధించినారు.

మనం పాంజరాపోళానికి చందా ఇస్తాము. ఎద్దు మీద బరువు ఎక్కువైతే బండివానిని నిలిపి మందలిస్తాము. కాని మన చేతి క్రింద బ్రతికేవారిలో మన బిడ్డలే మొదటివారని నాకు అంతవరకు తోచలేదు. గదిలో పెట్టి గడియ వేయడం బంధము గాక మరేమిటి? చెంపదెబ్బ వధ గాక మరేమిటి? అర్థాన్ని కొంచెం సాగదీసి చెప్పుకొంటే, నలుగురి ముందు "వాడిని చూడు, నిన్ను చూడు" అనే మాట ఛేదమే. పొద్దున ట్యూషను, పగలు బడి, సాయంత్రం మళ్లీ ట్యూషను, ఆదివారం అంగడి గల్లాపెట్టె, ఇవన్నీ ఒక్క పసివాని నెత్తిన పెట్టడం అతిభారారోపణమే. అయిదవది నేను చేసినదే.

పంతము ఎక్కడ పుడుతుంది?

బిడ్డ మొదట ఒక వస్తువు కావాలంటాడు, లేదా ఒక పని వద్దంటాడు. అప్పటికి తగవు ఆ వస్తువు గురించే. మనం "నా మాటకే ఎదురా?" అన్న క్షణాన వస్తువు ప్రక్కకు పోతుంది. ఎవరి మాట నెగ్గుతుంది అన్నదే మిగులుతుంది. కషాయాలు నాలుగు గదా: క్రోధము, మానము, మాయ, లోభము. పైకి కనిపించేది క్రోధము. లోపల కూర్చున్నది మానము. తండ్రి మానము ఒక ప్రక్క, బిడ్డ మానము ఒక ప్రక్క నిలుస్తవి. బలం తండ్రిది కనుక తండ్రే నెగ్గుతాడు. ఓడిన బిడ్డ వూరకుండడు. ఎదురుగా నెగ్గలేనివాడు చాటుగా నెగ్గ జూస్తాడు. అదే మాయ.

ఇది నేను పుస్తకంలో చూచి చెప్పడం లేదు. మరుసటి సంవత్సరం బడి నుండి కబురు వచ్చింది. మార్కుల చీటీ మీద నా సంతకం మావాడే పెట్టినాడు. ఇంటికి వచ్చి చెయ్యి ఎత్తాను. వాడు పారిపోలేదు, ఏడవలేదు. దెబ్బ పడుతుందని కండ్లు మూసుకొని నిలబడినాడు. ఆ ముఖం చూచి నా చెయ్యి దిగిపోయింది. దొంగ సంతకం వానిది, కాని దానికి దారి చూపినవాడను నేను.

అంతకు ముందటి సంవత్సరీ నాడు రెండు వందల మందికి క్షమాపణ కార్డులు పంపినాను. బాకీ ఎగవేసినవానికి కూడా పంపినాను. ఇంట్లో వున్న కొడుకుతో మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం వాని ఎదుట కూర్చొని, "పోయిన పర్యుషణలో నీకు అన్నం లేకుండా చేసినాను. మిచ్ఛామి దుక్కడం" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఏడ్చినాడు. సంతకం సంగతి మరునాడు మాట్లాడుకొన్నాము. తప్పును వదిలివేయలేదు. వాడే బడికి వచ్చి అయ్యవారితో జరిగినది చెప్పుకొన్నాడు. నేను వెంట నిలిచినాను గాని నోరు మెదపలేదు.

రాతి గీత, నీటి గీత

క్రోధానికి నాలుగు తరగతులున్నవని వ్యాఖ్యానాలలో వింటూ వుంటాము. ఒకటి కొండరాతి పగులు వంటిది, జన్మ పర్యంతము పూడదు. ఒకటి ఎండిన నేల నెర్రె వంటిది, వాన కురిస్తే పూడుతుంది. మూడవది ఇసుక మీద గీత, గాలికి పోతుంది. నాలుగవది నీటి మీద గీత, గీయగానే పోతుంది. పిల్లల కోపం చూడండి. ప్రొద్దున జుట్లు పట్టుకొన్న అన్నదమ్ములు మధ్యాహ్నం ఒకే కంచంలో తింటారు. వారిది నీటి గీత. పాత తప్పులన్నీ ఆవర్జాలో ఎక్కించుకొని, సమయం వచ్చినప్పుడల్లా తీసి చదివి, దానిని రాతి గీతగా మార్చేవారము మనము.

అంగడి నేర్పిన ఉపాయాలు

మనము వర్తకులము. ఓర్పు మనకు క్రొత్త కాదు. ఒక అమ్మగారు వచ్చి నలభై చీరలు విప్పించి, ఒకటీ నచ్చలేదని లేచి పోతుంది. "మళ్లీ రండమ్మా" అని నవ్వుతూ చెప్పి, చీరలు మడుచుకొంటాము. అదే మనిషి ఇంటికి వచ్చి, బిడ్డ ఒక్క మాట కాదంటే మండిపడతాడు. గిరాకీ పోతుందని అక్కడ ఓర్చుకొంటాము. బిడ్డ ఎక్కడికీ పోడని ఇక్కడ ఓర్చుకోము. గద్దె మీద వున్న ఓర్పును ఇంటికి తెచ్చుకొంటే చాలునని నాకు తోచినది. నేను ఆచరించి చూచినవి ఇవి:

మొదటిది: తగవు వచ్చిన గడియలోనే తీర్పు చెప్పరాదు. సామాయికానికి 48 నిమిషాలు. అంతసేపు ఆగిన తరువాత చెప్పే మాట వేరుగా వుంటుంది. నిప్పు, కరెంటు, రోడ్డు మీద బండ్లు, ఇట్టి అపాయాల దగ్గర మాత్రం ఆగరాదు. వెంటనే చెయ్యి పట్టి తీసుకురావాలి. అది పంతము కాదు, రక్షణ.

రెండవది: "కావాలా, వద్దా?" అని అడగరాదు. అంగడిలో అలా అడుగుతామా? "ఈ అంచు చూస్తారా, ఆ అంచు చూస్తారా?" అంటాము. బిడ్డను కూడా "లెక్కలు ముందు చేస్తావా, తెలుగు ముందు చదువుతావా?" అని అడగండి. రెండింటిలో ఏది చేసినా మనకు సమ్మతమే. ఎంచుకొన్న తృప్తి వానికి మిగులుతుంది.

మూడవది: నియమాలు కొద్దిగా వుండాలి, కాని కదలరాదు. "ఒకే ధర" అని బోర్డు పెట్టిన అంగడివాడు అరవడు, కోపగించడు, ధర తగ్గించడు. ఇంటి నియమం కూడా అట్లే వుండాలి. ఏడిస్తే ఒక ధర, అలిగితే ఒక ధర అయితే బిడ్డ రోజూ బేరమే ఆడతాడు. ఆ నియమం పెద్దలకూ వర్తించాలి. అన్నం దగ్గర ఫోను వద్దని వానికి చెప్పి, మనం అంగడి ఫోను చూస్తూ తింటే ఆ బోర్డు ఎవరు నమ్ముతారు?

నాలుగవది: వ్రతము బలవంతాన చేయించరాదు. పచ్చక్ఖాణం తీసుకొనేవాడు తానే కోరి తీసుకోవాలి. చిన్నవానిని "నవకారశి చేయగలవా?" అని అడగండి. సూర్యోదయం తరువాత 48 నిమిషాలు ఆగడమే గదా. తాను ఒప్పుకొన్నది ఒక్క దినమైనా నిలుపుకొంటాడు. మనం మోపినది వారం మోసినా, దింపే సమయం కోసమే చూస్తూ వుంటాడు.

ఐదవది: తప్పు మనదైతే క్షమాపణ ముందు మనమే అడగాలి. శ్వేతాంబరులకు సంవత్సరీ, దిగంబరులకు దశలక్షణ పర్వం ముగిసిన తరువాత క్షమావాణి వున్నవి గాని, ఇంటి బాకీ అంతదాకా ఆపరాదు. ఆ రాత్రి పడుకొనే ముందే తీర్చుకోవాలి.

"ఇంత మెత్తగా వుంటే పిల్లలు నెత్తికెక్కరా?" అని కొందరు అడుగుతారు. నేనూ అలా అడిగినవాడనే. మెత్తదనం వేరు, లొంగిపోవడం వేరు. నియమాన్ని వదలమని నేను అనడం లేదు. నియమం పట్టుకొని మానాన్ని వదలమని అంటున్నాను.

ఈ మాట అన్యులూ చెప్పినారు. గుజరాతులో గిజుభాయి బధేకా గారు (1885–1939) వకీలు వృత్తి విడిచి, 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించి, దెబ్బ లేకుండా, భయం లేకుండా పసివారికి చదువు చెప్పినారు. వియన్నాలో పుట్టి అమెరికాలోని చికాగోలో స్థిరపడిన రూడాల్ఫ్ డ్రైకర్స్ అనే వైద్యుడు 1964లో పిల్లల పెంపకం గురించి ఒక గ్రంథం ప్రకటించినారు. బిడ్డ బలపరీక్షకు దిగినప్పుడు పోరాడనూ వద్దు, లొంగనూ వద్దు, ఆ పోరు నుండి పెద్దవారే తప్పుకోవాలని ఆయన బోధ. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్ని, మనస్సు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది. ఆ సెక్షను బడి గురించి చెప్పినది. ఇంటిలో మనకు మన మొదటి అణువ్రతమే చట్టము.

పోయిన సంవత్సరం పర్యుషణలో ఒక సాయంత్రం. ఆరేండ్ల మనుమడు ఫోనులో ఆట ఆడుకొంటూ అన్నానికి రానన్నాడు. ఇంత వ్రాసిన నాకే పాత కోపం వచ్చింది. "ఇప్పుడు రాకపోతే..." అని మొదలు పెట్టినాను. మా పెద్దవాడు నా వైపు చూచి, "నాయనా, ఇంకా అరగంట పొద్దు వున్నది" అన్నాడు. తరువాత కొడుకు ప్రక్కన కూర్చొని, "ఆట ఎంతసేపట్లో అయిపోతుందిరా?" అని అడిగినాడు. "పది నిమిషాలు" అన్నాడు వాడు. "అయినాక నీవే వస్తావా, నేను వచ్చి ఎత్తుకొని పోవాలా?" "నేనే వస్తా." పది నిమిషాలు అన్నవాడు పదిహేను నిమిషాలకు వచ్చినాడు. పొద్దు వుండగానే తిన్నాడు.

మా పెద్దవాడు ఆనాటి సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కాని ఆ అరగంట లెక్క వానికి ఇంకా జ్ఞాపకం వున్నదని నాకు తెలిసినది. మన్నించినాడు గాని మరచిపోలేదు. పిల్లలు మరచిపోతారని మనము అనుకొంటాము. అది నిజం కాదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించినాను.

ఇందులో శాస్త్రానికి విరుద్ధంగా ఏమైనా వ్రాసి వుంటే, ఎవరి మనస్సయినా నొచ్చి వుంటే, మనోవాక్కాయములచేత మిచ్ఛామి దుక్కడం.

జై జినేంద్ర.