తిరిగే అయస్కాంత రేణువులు – అంచున పుట్టే ప్రవాహం

పొలంలో బోరు మోటారు ఎలా తిరుగుతుందో మీకు తెలుసు. త్రీఫేజ్ కరెంటు తీగచుట్టల్లో పారితే లోపల అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంది. దాని వెంట రోటారు తిరుగుతుంది. ఇప్పుడు రోటారు తీసేసి, ఆ చోట ఒక నీటి చుక్కను, అందులో కంటికి ఆనని అయస్కాంత రేణువులను ఊహించుకోండి. ప్రతి రేణువూ దిక్సూచి ముల్లులా క్షేత్రం వెంట తిరుగుతుంది.

ఒక్క రేణువే ఉంటే ఉన్నచోటే తిరుగుతుంది. నీటికి స్నిగ్ధత ఉంది కనుక చుట్టూ ఉన్న నీటినీ తిప్పుతుంది. దీన్ని బొంగరంతో పోల్చకండి. ఇంత చిన్న రేణువుకు జడత్వం లెక్కలోకి రాదు. క్షేత్రం ఆగిన మరుక్షణమే ఇదీ ఆగుతుంది.

రెండో రేణువు వస్తేనే అసలు సంగతి మొదలవుతుంది. రెండు రూపాయి బిళ్ళలు పక్కపక్కన పెట్టి, రెండింటినీ గడియారం ముళ్ళు తిరిగే దిశలోనే తిప్పి చూడండి. ఒరుసుకునే చోట ఎడమ బిళ్ళ అంచు మీ వైపు వస్తుంది, కుడి బిళ్ళ అంచు అవతలికి పోతుంది. నీటిలోనూ ఇంతే. ఎడమ రేణువు తిప్పిన నీరు కుడిదాన్ని ఇటు తోస్తుంది, కుడిది తిప్పిన నీరు ఎడమదాన్ని అటు తోస్తుంది. ఫలితంగా రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి.

మరి వేల రేణువులు ఒత్తుగా పొరలా చేరితే? పొర మధ్యలో ఉన్నదానికి అన్ని వైపులా ఇరుగుపొరుగు ఉంటారు. కుడివారి తోపు, ఎడమవారి తోపు చెల్లుకు చెల్లు. అంచున ఉన్నదానికి ఒకవైపే పొరుగు. ఆ తోపును రద్దు చేసేవారు లేరు. అందుకే అంచు వెంట రేణువులు వరుసకట్టి పారుతాయి.

చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు దీన్ని మైక్రోస్కోపు కింద చూసి, 2019లో నేచర్ ఫిజిక్స్ పత్రికలో ప్రచురించారు. వారు వాడినవి సుమారు 1.6 మైక్రోమీటర్ల హెమటైట్ ఘనాలు. వాటి గుంపులు నీటి బొట్లలా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అంచున మాత్రం ప్రవాహం ఒకే దిశలో సాగింది.

ఈ బొమ్మ మీరు ఎక్కడో చూసినట్లు లేదూ? అయస్కాంతత్వం పాఠంలో ఆంపియర్ ఊహ ఇదే. లోపలి చిన్న చిన్న విద్యుత్ వలయాలు పక్కపక్కన రద్దయి, ఉపరితలం మీది ప్రవాహమే మిగులుతుంది. రెండు మార్కుల కోసం ఆ బొమ్మను బట్టీ పట్టే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకసారి బిళ్ళలతో చేసి చూడాలని నా కోరిక.

ఒక్క తేడా ఉంది. పరమాణువుల్లోని ప్రవాహాలకు ఘర్షణ లేదు. ఇక్కడ రేణువుల అడుగున గాజు పలక ఉంది. దాని ఘర్షణ వల్ల ప్రవాహం లోపలికి పాకలేక, అంచు దగ్గరి సన్నని పట్టీలోనే ఉండిపోతుంది.