పొగ రంగు చూడండి, సర్వీసు బుక్కు దాచండి



పోయిన నెల మన గోడపత్రికలో 8వ తరగతి తమ్ముడు దోమల గురించి రాశాడు. అది చదివాక నాకూ రాయాలనిపించింది. సైన్సు సారుకు చెబితే, "నీకు బాగా తెలిసింది రాయి, పుస్తకంలోది దించకు" అన్నారు. నాకు బాగా తెలిసింది మా ట్రాక్టరు. అందుకే ఈ పాఠం.

మాది ఉట్నూరు అవతల ఒక గోండు గూడెం. మా బాపు, ఇద్దరు కాకలు కలిసి బ్యాంకు అప్పు మీద ట్రాక్టరు తీసుకున్నారు. ఆరు నెలలకోసారి కిస్తు కట్టాలి. మా మూడిళ్ల పత్తి చేలకు దుక్కి, ఊళ్లో కిరాయి పని అన్నీ దాని మీదే. ఈ ఎండాకాలం సెలవుల్లో, రోహిణి కార్తె మొదట్లో, దున్నుతుంటే సైలెన్సర్ నుంచి నీలం పొగ రావడం మొదలైంది. గంటల మీటరు అప్పటికి 380 చూపిస్తోంది. మృగశిరకు పదిహేను రోజులు కూడా లేవు. వాన పడితే విత్తనం పెట్టాలి. ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

మన హాస్టల్లో చాలామంది ఇళ్ల దగ్గర ట్రాక్టరు ఉంది, లేదా వాళ్ల నాన్నలు డ్రైవర్లుగా పోతారు. కాబట్టి పొగ సంగతి, గ్యారంటీ సంగతి రెండూ తెలుసుకుందాం.

ఇంజను ఎలా మండుతుంది?

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను పనిచేసేది ఈ సూత్రం మీదే. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు ఇటువంటి ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపించాడు. దీనికి స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టను సుమారు 17వ వంతుకు నొక్కుతుంది. గాలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ను మంచు తుంపరలాగా చల్లుతుంది. అది తనంతట తానే మండుతుంది.

అంటే మూడు సరిగ్గా ఉండాలి: గాలి, వేడి, డీజిల్ తుంపర. వీటిలో ఒకటి తప్పినా, రాకూడనిది లోపలికి వచ్చినా పొగ రంగు మారుతుంది.

నల్ల పొగ

దీపం వత్తి ఎక్కువ పైకి తిప్పితే చిమ్నీకి మసి పడుతుంది కదా! నల్ల పొగ కూడా అంతే. డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. సగం కాలిన డీజిల్ మసిగా బయటికొస్తుంది.

ముందు పైసా ఖర్చు లేనివి చూడాలి. నాగలి మరీ లోతుకు దిగిందా? పెద్ద గేరులో లాగిస్తున్నామా? గేరు తగ్గిస్తే పొగ తగ్గితే రోగం ఇంజనుది కాదు, బరువుది. తర్వాత ఎయిర్ క్లీనర్ చూడాలి. దుమ్ములో దున్నితే అది తొందరగా మూసుకుపోతుంది. ఆయిల్ గిన్నె ఉన్న రకమైతే గిన్నె కడిగి, గీత వరకు కొత్త ఆయిల్ పోయాలి. అయినా తగ్గకపోతే నాజిల్ తుంపర కొట్టకుండా చుక్కలు కారుస్తుండవచ్చు, లేదా పంపు ఎక్కువ డీజిల్ ఇస్తుండవచ్చు. అది మెకానిక్ పని.

తెల్ల పొగ

మన జిల్లాలో చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల పొగ వస్తుంది. ఇంజను చల్లగా ఉండడం వల్ల కొంత డీజిల్ మండకుండానే బయటికొస్తుంది. కళ్లు మండుతాయి. కొద్ది నిమిషాల్లో ఇంజను వేడెక్కి పొగ పోతే భయం లేదు.

ఇంజను బాగా వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే అనుమానించాలి. రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతున్నాయా? గేజి పుల్ల తీస్తే ఇంజనాయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉందా? ఉంటే నీళ్లు లోపలికి పోతున్నాయి. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. వెంటనే ఇంజను ఆపాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం తీయవద్దు. మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

నీలం పొగ

వంటింట్లో పోపు నూనె మాడితే వచ్చే పొగ చూశారా? ఇది అలాంటిదే. మండాల్సిన డీజిల్‌తోపాటు, మండకూడని ఇంజనాయిల్ కూడా మండుతోందన్న మాట. ఆయిల్ గీత దాటి పోసినా వస్తుంది. రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే వాల్వుల దగ్గర ఆయిల్ కారుతుండవచ్చు. బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే పిస్టను రింగులు, లైనర్ మీద అనుమానం. టర్బో ఉన్న బండిలో టర్బో సీలు కూడా చూడాలి.

దీనికి పరీక్ష సులువు. చదునైన చోట బండి ఆపి, కాసేపయ్యాక గేజి పుల్ల చూసి, ఆయిల్ గీత వరకు పోయాలి. గంటల మీటరు నంబరు రాసుకోవాలి. పది గంటలు నడిచాక మళ్లీ చూడాలి. నేను నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాశాను. మా ట్రాక్టరు 12 గంటల్లో ఒక లీటరు ఆయిల్ తాగింది.

జాగ్రత్త! నాజిల్ పైపులను వేలితో తడమకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడపకూడదు. కంటికి కనిపించని విషవాయువు కూడా పొగలో ఉంటుంది.

మా ఇంట్లో ఏం జరిగింది?

పక్క ఊరి మెకానిక్ వచ్చి చూశాడు. "పంపు సీలు తీసి డీజిల్ తగ్గిస్త, పొగ పోతది. మూడు వేలైతయ్" అన్నాడు. చిన్న కాక సరే అన్నాడు. నేను అప్పటికే డిక్షనరీ పెట్టుకుని బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాను. పంపు సీలు తెగితే వారంటీ పోతుందని అందులో ఉంది.

"కాకా, పంపు విప్పద్దు" అన్నాను.

"చదువుకునేటోనివి, ఇంజను సంగతి నీకేం ఎరుకరా?" అని కోపం చేశాడు.

"పంపు ఇచ్చేది డీజిల్ గద కాకా! డీజిల్ ఎక్కువైతే నల్ల పొగ రావాలె. మనకు వచ్చేది నీలం. మరి పంపెందుకు విప్పాలె?"

కాక ఏమీ అనలేదు. బాపు మెకానిక్‌కు చాయ్ ఇచ్చి పంపించేశాడు.

మర్నాడు బాపు షోరూముకు పోయాడు. వాళ్లు సర్వీసు బుక్కు తిప్పి చూసి, "250 గంటల సర్వీసు ముద్ర లేదు, వారంటీ రాదు" అన్నారు. ఆ సర్వీసు జరిగింది. వాళ్ల మెకానికే మా గూడేనికి వచ్చి చేసి పోయాడు. ముద్ర వేయలేదు, బాపు అడగలేదు. బాపు మూడో తరగతి వరకే చదివాడు. ఎదురు మాట్లాడకుండా బస్సెక్కి వచ్చేశాడు. ఆ రాత్రి అవ్వ విత్తనాల రసీదులు దాచే కవరు తీసి కింద కుమ్మరించింది. అందులో ఆ సర్వీసుకు కొన్న ఆయిలు, ఫిల్టరు బిల్లు దొరికింది. షోరూము బిల్లే. తారీఖు ఉంది, 248 గంటలని కూడా రాసి ఉంది.

నేను ఒక అర్జీ రాశాను: కొన్న తారీఖు, ఇంజను నంబరు, పొగ మొదలైన రోజు, గంటల మీటరు, 12 గంటలకు లీటరు ఆయిల్ లెక్క. రెండు కాపీలు తీసి, బిల్లు జిరాక్సు జత చేశాం. ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద సంతకం, ముద్ర వేయించుకున్నాం. జాబ్ కార్డు అడిగి తీసుకున్నాం. ఈసారి బాపుతో నేనూ పోయాను.

ఆరో రోజు కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజనుకు పోయే పైపు విప్పి లోపల తెల్లబట్టతో తుడిచాడు. బట్టకు దుమ్ము అంటలేదు. దుమ్ము ఉంటే తప్పు మాదే అనేవారు, ఎందుకంటే దుమ్ము పోతే రింగులు అరుగుతాయి. బాపు ప్రతి ఆదివారం గిన్నె కడగడం అక్కడ మమ్మల్ని కాపాడింది. హెడ్డు విప్పి పిస్టన్లు తీస్తే రెండో సిలిండర్‌లో రింగు విరిగి, లైనర్ మీద గీతలు పడ్డాయి. పిస్టను, రింగులు, లైనర్ ఉచితంగా మార్చారు. ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు డబ్బులు మేమే కట్టాం. అవి వారంటీలోకి రావు.

మొత్తం 17 రోజులు బండి ఆగింది. మొదటి వానకు మా చేను వేరే వాళ్ల ట్రాక్టరుతో కిరాయికి దున్నించాం. నేను బడికి వచ్చే ముందు రోజు మా బండి ఇంటికొచ్చింది. బాపు ఆ రోజు ముద్ర అడిగి ఉంటే ఇందులో కనీసం వారం మిగిలేది.

ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

1. షోరూము వినకపోతే కంపెనీకి రాతపూర్వకంగా రాయాలి. వారంటీ పుస్తకంలో చిరునామా ఉంటుంది.

2. 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడవచ్చు.

3. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. సమస్య పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు మించకపోతే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

4. "ట్రాక్టరు వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారులు కారు" అని ఎవరైనా అంటే బెదరవద్దు. స్వయంగా కష్టపడి బతకడం కోసమే కొన్న వస్తువును ఆ చట్టం వ్యాపారం కింద లెక్కగట్టదు.

నేను నేర్చుకున్నది ఇదే. బండిలో ఏం జరుగుతుందో పొగ చెబుతుంది. కానీ షోరూములో పొగను చూపించలేం, కాగితమే చూపించాలి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు పని తెలుసు, కాగితం తెలియదు. మనకు కాగితం తెలుసు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు సర్వీసు బుక్కు తీసి ఒక్కసారి చదివి వినిపించండి. ముద్రలున్నాయో లేదో చూడండి. ఇప్పుడు మా కాక ఆయిల్ పోసిన ప్రతిసారీ వార్డెన్ సారు ఫోనుకు చేసి, "రాసుకోరా, 460 గంటలు" అని చెబుతున్నాడు. ఓపికతో నన్ను పిలుస్తున్న వార్డెన్ సారుకు నా ధన్యవాదాలు.

చదివిన వారికి ప్రశ్నలు

1. నల్ల పొగ వస్తే మెకానిక్‌ను పిలిచే ముందు మీరు చూడాల్సిన రెండు ఏవి?
2. గేజి పుల్లకు చాయ్ రంగు ఆయిల్ అంటింది. ఇంజను నడపవచ్చా?
3. మెకానిక్ ఊరికి వచ్చి సర్వీసు చేశాడు. వెళ్లిపోయే ముందు ఏం అడగాలి?

జవాబులు చీటీ మీద రాసి నాకివ్వండి. సరిగ్గా రాసిన వారి పేర్లు వచ్చే సంచికలో రాస్తాం.

— 10వ తరగతి 'బి' సెక్షన్ విద్యార్థి